బావ కారుకు బాపు కట్టిన గొంగడి

ఇప్పటి కార్లకు దాహం వేయదు. మా మనవడు పాలమూరు నుంచి కొల్లాపూర్ దాకా ఒక్క ఊపులో తీసుకుపోతాడు, తొవ్వలో ఎక్కడా ఆగి దాని మూతికి చెంబెడు నీళ్లు పోయడం నేను చూడలేదు. నా చిన్నతనంలో కారంటే అట్లా కాదు, అదీ ఒక గొడ్డే. ఎండలో నడిస్తే రొప్పేది, ఎత్తు ఎక్కితే నురగలు కక్కేది, నీళ్లు పట్టకపోతే మొండికేసి నడితొవ్వలో నిలబడేది. డ్రైవరు దిగి, సొట్టలు పడ్డ డబ్బా ఒకటి పట్టుకుని, గొర్ల కాపరుల దగ్గరికి వచ్చి నీళ్లడిగేవాడు. మేము గొర్లు కాసేవాళ్లం గనుక కార్ల గురించి మాకు తెలిసిందల్లా అదే: కారున్నవాడు నీళ్లు అడుక్కుంటాడు. అట్లా అడుక్కునేవాడికే నన్నిచ్చారు. ఆ సంగతే చెప్పబోతున్నాను. నాకు వేలిముద్ర తప్పించుకునేంత సంతకం వచ్చు, అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. (తిట్టు వచ్చిన చోటల్లా ఆగి నా మొహం చూస్తోంది. రాయి బిడ్డా, తిట్టినవాళ్లూ పోయారు, తిట్టించుకున్నవాళ్లూ పోయారు, ఇంక ఎవరికి సిగ్గు.)

మా ఊరు పల్లంలో ఉంటుంది. పాలమూరు దిక్కు పోవాలంటే ముందు ఒక పెద్ద ఎత్తు ఎక్కి దిగాలి, దాన్ని మేము గడ్డ అనే పిలిచేవాళ్లం. ఎద్దుల బండ్ల వాళ్లు కూడా గడ్డ నడుమ చక్రాల కింద రాళ్లు పెట్టి, ఒక బీడీ కాల్చుకుని మరీ ఎక్కేవాళ్లు. మా మందలు మేసేదీ ఆ గడ్డ మీదే. మా బావ, అంటే మేనత్త కొడుకు, చిన్నప్పుడే తండ్రి పోతే మా బాపు వెంట గొర్లు కాస్తూ పెరిగాడు. నాకు పాలపళ్లు ఊడకముందే మా ఇద్దరికీ పెళ్లి చేసి, పిల్ల ఈడుకొచ్చాక పంపిస్తామని మాట అనుకున్నారు. తన తర్వాత మంద అల్లుడిదే అని బాపు అందరికీ చెప్పుకున్నాడు. ఒక ఎండాకాలం, గడ్డ మీద ఆగిపోయిన ఒక సేటు కారుకు నీళ్లు పోసిన బావ, మందను పక్కవాడికి అప్పజెప్పి, ఆ కారుతోనే పాలమూరు పోయాడు. బాపుకు మాత్రం చెప్పలేదు. (చెబితే పోనిచ్చేవాడు కాడు. అది ఇద్దరికీ తెలుసు.) నీళ్లు పోయడంతో మొదలుపెట్టి, కడగడం, తుడవడం, ఫ్యాన్ పట్టా బిగించడం, చివరికి తోలడం నేర్చుకుని ఆ సేటుకే డ్రైవరయ్యాడు. బాపు ఆ రోజు నుంచి వాడితో మాట్లాడటం మానేశాడు. తిట్టినా బాగుండేది.

నేను ఈడుకొచ్చాక, నన్ను తీసుకుపోవడానికి అత్తను ఎక్కించుకుని బావ ఆ సేటు కారులోనే వచ్చాడు. సేటు ఏదో పని మీద హైదరాబాదు పోతూ, "నీ పెండ్లాంను తెచ్చుకో, వచ్చేటప్పుడు రేడియేటర్ సాఫ్ చేసుకొని రా" అన్నాడట. పాలమూరులో వాళ్ల బావి ఉప్పునీళ్లు, మా బావి మంచినీళ్లు. ఇంతకూ కారు గడ్డకు అవతలి వైపు ఎక్కుతుండగానే ఉడికింది. గడ్డ మీద మా వాళ్ల సొరబుర్రల్లోని తాగేనీళ్లన్నీ బతిమాలి దానికి తాగించి, పొగలు కక్కుకుంటూ కిందికి దింపుకొచ్చాడు. ఆ కబురు కారు కంటే ముందే బాపు చెవిన పడింది.

అత్త వచ్చి కాళ్లు కడుక్కుని, నీళ్లు తాగి, మాట మొదలుపెట్టింది. "అన్నా, పిల్లను పంపియ్యాలె. మంచి రోజు చూడు." బాపు మంచం మీద కూర్చుని కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతున్నాడు, తల ఎత్తలేదు. "ఎవలెంట పంపియ్యాలె? నీళ్లడుక్కునేటోని ఎంటనా?" అన్నాడు. బావ వాకిట్లోంచి నాతో అన్నాడు, "పిల్లా, మీ బాపుకు చెప్పు. బండి గడ్డకు ఓడిపోలే. రేడియేటర్ల సున్నం పేరింది, గంతే." బాపు నాతోనే అన్నాడు, "మీ బావకు చెప్పు బిడ్డా. సున్నం గోడకు కొట్టుకుంటరు గని, కడుపుల పెట్టుకొని ఊర్లు తిరగరు." నేను ఇటు తిరిగి ఒకటి, అటు తిరిగి ఒకటి చెప్పబోయేసరికి అమ్మ వంటింట్లోంచి, "వాండ్లకు చెవులున్నయి గని నువ్వు లోపలికి రాయే" అని కేకేసింది.

ఆ సాయంత్రం అత్త ఏడ్చి, అలిగి, అన్నం ముట్టనని కూర్చున్నాక బాపు ఒక మాటకు వచ్చాడు. "సరే. మన దిక్కు నుంచి గడ్డ ఎక్కాలె. నడుమ ఆగొద్దు. ఆగకుంట పైకి పోతే బిడ్డను తీస్కపొమ్మను. ఆగిందా, నా బిడ్డ దిగి ఇంటికొస్తది. అడివిల ఆగే బండిల నా బిడ్డను కూసోబెట్ట." అత్త ముక్కు చీది, సరేనంది. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే, అది ఆగినా, మునిగినా, దాన్ని నేనే నెత్తిన పెట్టుకుని గడ్డ ఎక్కిస్తానని చెప్పేదాన్ని. నాకు బావ మీద అంత మనసుండేది. పెళ్లయిన పిల్లనే గదా, మనసుంటే తప్పేంటి, కానీ బయటికి చెప్పకూడదు. చెబితే ఊరంతా నవ్వేది.

మరునాటి నుంచి మా వాకిట్లో రేడియేటర్ కడిగే జాతర మొదలైంది. రేడియేటర్ అంటే తెలియని వాళ్లకు చెబుతాను: కారు మూతి వెనక నిలబెట్టిన ఇత్తడి జల్లెడ లాంటిది. దానిలో సన్న గొట్టాలుంటాయి, వాటిలో నీళ్లు పారుతుంటాయి, ఎదురుగాలి వాటి సందుల్లోంచి దూరి నీళ్లను చల్లార్చుతుంది. నీళ్లకు దారి ఉండాలి, గాలికి దారి ఉండాలి. ఏది మూసుకున్నా ఇంజను ఉడుకుతుంది. బావ దాని అడుగునున్న చిన్న బిరడా తిప్పి పాత నీళ్లు వదిలితే రాగిజావలా ఎర్రగా, చిక్కగా కారాయి. పక్కింటి పెద్దమ్మ వంగి చూసి, "దీనికి నెత్తురు విరేచనాలు పట్టినట్టున్నయి కొడుకా, దానిమ్మ తొక్కు అరగదీసి పొయ్యి" అని మందు చెప్పింది. బావ రబ్బరు గొట్టాలు ఊడదీసి, ఒక్కోదాన్ని వేళ్లతో పిసికి, పగుళ్లున్నాయేమో చూశాడు; ఫ్యాన్ పట్టాను నొక్కి ఎంత వదులుందో చూశాడు. సంతలో గొర్రెను కొనేటప్పుడు నడుము పట్టి పిసికి చూస్తాం చూడండి, అచ్చం అట్లా. ఆ చూపు, ఆ వేళ్లు బాపు నేర్పినవే. మంచం మీది కదురు కాసేపు ఆగడం నేను గమనించాను.

లోపలి సున్నం మాత్రం కదలలేదు. ఇత్తడి బిందెకు సున్నం పేరితే మేము దేంతో తోముతామో నాకు తెలుసు గనుక, అత్త చాటున నిలబడి, "చింతపండు పోస్తే" అన్నాను. బావ ముందు నవ్వాడు, తర్వాత తల గోక్కున్నాడు, తర్వాత, "ఉంటె తేపో" అన్నాడు. ఆ యేటి చింతపండు అప్పుడే కొట్టి, ఉప్పు కలిపి, కుండలో అదిమిపెట్టుకుంది మా అమ్మ. సగం కుండ అడిగితే మొత్తం కుండ తెచ్చింది. (కూతురి కాపురానికి అడ్డం పడింది సున్నమైతే, చింతపండు దాచుకునే తల్లి ఉంటుందా. కానీ ఆ యేడంతా మా ఇంట్లో చారు నీళ్లలాగే ఉండేది, బాపు తిన్నప్పుడల్లా, "ఇదేంది, పులుపు కారే తాగిందా" అనేవాడు.) ఉప్పు కడిగి, పండు నానబెట్టి, పిసికి, గింజ, పీచు రాకుండా అమ్మ పాత చీర నాలుగు మడతలు వేసి వడకట్టి, కాచి పోశాం. బావ ఇంజను తిప్పి, ఆపి, నానబెట్టి, మళ్లీ తిప్పి వదిలితే నూకల్లాగా సున్నం పెళ్లలు రాలి పడ్డాయి. ఊరివాళ్లు ముక్కులు మూసుకోవడం మానేసి లొట్టలు వేశారు. వాకిలంతా పులుసు కాచిన వాసన. సున్నం పోయాక ఒక మూల సన్న చిల్లు బయటపడి నీళ్లు చుక్కలు కారాయి, ఇన్నాళ్లూ దాన్ని మూసి కాపాడింది ఆ సున్నమే. రేడియేటర్‌ను కారు నుంచి ఊడదీసి, గిన్నెలకు కళాయి పెట్టే సాయబును పిలిపించి మాటు వేయించారు.

ఇక మిగిలింది బయటి మురికి. జల్లెడ సందులన్నీ మూసుకుపోయి ఉన్నాయి: గడ్డివిత్తనాలు, ఎండిన మిడతలు, మందల నడుమ తిరిగిన కారు గనుక బొచ్చు కూడా. బావ ఇనుప తీగతో పొడవబోయాడు, సన్న రేకులు వంగాయి. బాపుకు అది చూడబుద్ధి కాలేదు. "బిడ్డా, మీ బావకు చెప్పు, పల్లేరుకాయ తీసేటప్పుడు గట్ల పొడిస్తె తోలు చినుగుతది." బావ, "మీ బాపుకు చెప్పు, చేతనైతె ఒచ్చి తియ్యమను" అన్నాడు. ఆ మాట నేను మోసేలోగానే బాపు లేచి వచ్చాడు. చీపురుపుల్లలు గుప్పెడు తెచ్చుకుని, రేడియేటర్‌కు ఒక పక్క గొంతుక్కూర్చుని, గొర్రె ఒంట్లోంచి ముళ్లు తీసినట్టు ఒక్కో విత్తనం గోటితో లాగడం మొదలుపెట్టాడు. అవతల బావ కూర్చుని, ఇంజను వైపు ఉండే పక్క నుంచి బయటికి వచ్చేట్టు నీళ్లు కొట్టాడు. ఒక మిడత రెక్కతో సహా ఊడివస్తే బాపు దాన్ని పైకెత్తి, "గివన్ని తింటె కడుపుబ్బదా మరి" అన్నాడు, కారుతోనే. బావ మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు.

మధ్యాహ్నం గొర్లకు నీళ్లు పెట్టే వేళకు పని అయింది. రేడియేటర్‌ను ఇద్దరూ చెరో అంచు పట్టి ఎండకు ఎత్తారు. సందుల్లోంచి వెలుతురు అటు నుంచి ఇటు వచ్చింది. బాపుకు బావ మొహం, బావకు బాపు మొహం చిన్న చిన్న గళ్లు గళ్లుగా కనబడి ఉంటాయి. కొంచెంసేపు ఇద్దరూ దించలేదు. "గాలి ఆడాలె. గదే దీని పానం" అన్నాడు బావ. "ఆడుతాంది" అన్నాడు బాపు. మధ్యలో నన్ను పెట్టుకోకుండా ఒకరి మాటకు ఒకరు బదులు చెప్పుకున్నది అన్నేళ్లలో అదే మొదలు. అమ్మ గడపలో నిలబడి, "నా చింతపండు దండుగ కాలే వదినె" అంది అత్తతో.

ఇంక అంతా బాగుందనుకున్నాం. బయలుదేరే రోజు, రేడియేటర్ మళ్లీ బిగించిన కారుకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టారు. నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు, ఒళ్లో రేకు పెట్టె. వెనక అత్త. అప్పుడు బాపు ఇంట్లోకి పోయి కొత్త గొంగడి తెచ్చాడు. మా వాళ్లలో పిల్లను పంపేటప్పుడు, మంద ఉన్ని వడికి నేయించిన గొంగడి అల్లుడి భుజం మీద వేస్తారు. నల్లటిది, చింతగింజల గంజి పట్టించి రేకులా బిర్రుగా ఉన్నది. (చూశారా, ఆ చింతచెట్టు పండు రేడియేటర్‌కు, గింజ గొంగడికి, మా కాపురానికి దానికంటే ఎక్కువ పనిచేసినవాళ్లు లేరు.) బావ కారు దిగి, తల వంచి నిలబడ్డాడు. బాపు అతని ముందు నుంచి పోయి, గొంగడిని నీళ్ల గోలెంలో ముంచి, తీసుకొచ్చి కారు మూతికి చుట్టి, తాళ్లతో బిర్రుగా కట్టేశాడు. అన్నేళ్ల కోపం విడిచి భుజం మీద వేయడానికి చెయ్యి రాలేదు, వేయకుండా ఉండటానికి మనసు రాలేదు. తాగే నీళ్ల కుండకు తడిగుడ్డ చుట్టినట్టు చుట్టి, "ఎండల పోతాండ్రు. మొకానికి సల్లగుంటది" అన్నాడు.

గాలి ఆడుతోందని తానే చెప్పాడు, తన గోళ్లతోనే దారి చేశాడు. ఆ దారికే తన చేతులతో తలుపు పెట్టాడు. బావ నోరు తెరిచి, "మామా" అన్నాడు. అంతే, వెనక నుంచి అత్త పళ్ల మధ్య అంది, "నోరు మూసుకొని కూసొని తోలు. మా అన్న ఇన్నేండ్లకు ఒక చెయ్యి ఏసిండు. ఇప్పుడు ఇప్పినవంటె నువ్వు నా కడుపున పుట్టలే." బావ కూర్చున్నాడు. నాకు మాత్రమే వినబడేట్టు, "గడ్డ మొదట్ల ఎవలు చూడని జాగల ఇప్పుత, ఫికర్ చెయ్యకు" అన్నాడు. కానీ బాపు కారు పక్కనే, గొంగడి మీద చెయ్యేసి, గడ్డ మొదలు దాకా నడిచాడు. అక్కడి నుంచి అడ్డతొవ్వన మంద దగ్గరికి ఎక్కిపోయి, పైన బండ మీద నిలబడ్డాడు. గడ్డంతా అరచేతిలో ఉన్నట్టు కనబడుతుంది అక్కడి నుంచి. ఆపి విప్పితే ఆగినట్టు. ఆగకుండా విప్పే ఉపాయం ఎవరికీ లేదు.

ఎక్కుడు మొదలవగానే ఇంజను గొంతు మారింది. సగం దాటేసరికి గొంగడి అంచుల్లోంచి ఆవిరి మొదలైంది. తడిసిన ఉన్ని ఉడికితే ఎట్లా ఉంటుందో మీకు తెలియకపోతే మంచిదే. ఒక మందనంతా కుండలో పెట్టి మూత వేసినట్టుంటుంది. గంజి కరిగి జిగురై మూతికి అతుక్కుంది. అత్త వెనక మల్లన్నకు మొక్కుకుంటోంది, ఒక మేకతో మొదలుపెట్టి, పొగ పెరిగినకొద్దీ మేకలు పెంచుకుంటూ పోతోంది. బావ చక్రం మీద వంగి, చెమటలు కారుతూ, "పిల్లా, మామ చూస్తాండా" అన్నాడు. చూశాను. "చూస్తాండు." "నవ్వుతాండా?" బాపు పైన కర్ర మీద గడ్డం ఆనించి, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. అట్లా నవ్వగా నేను చూసింది తక్కువ. "నవ్వుతాండు" అన్నాను. బావ ఆవిరిలోంచి దారి వెతుక్కుంటూ తోలాడు. అట్లాగే ఇంకొంచెం పోతే గడ్డ దాటేవాళ్లమే, అది నేను ఏ దేవుడి ముందైనా చెబుతాను.

మా మందలో పెద్ద పొట్టేలుకు జమేదారని పేరు. వాడి కొమ్ములు రెండు చుట్లు తిరిగి ఉండేవి. గడ్డ మీదికి పరాయి పొట్టేలు వస్తే ఊరుకునేవాడు కాడు. ఆ రోజు వాడికి కనబడిందేమిటో ఆలోచించండి: నల్లటి ఉన్ని మొహం, దానికి పైన కుంకుమ బొట్లు, రెండు పెద్ద గాజు గుడ్లు, ముక్కుల్లోంచి పొగ, గొంతులో గుర్రు, పైగా తమ మంద వాసనే వేస్తూ తన ఆడగొర్ల మీదికి మెల్లగా ఎక్కివస్తోంది. జమేదారు మందను దాటుకుని తొవ్వ నడుమకు వచ్చి నిలబడ్డాడు. బావ హారన్ కొట్టాడు. వాడు దాన్ని సవాలు అనుకున్నాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, తల దించి, గడ్డ పల్లం అంతా కాళ్లలోకి తెచ్చుకుని వచ్చి కొట్టాడు. లోపల ఏదో ఇత్తడి గంగాళం నేల మీద పడ్డట్టు మోగింది. కారు ఒకసారి తుమ్మి, నిలబడింది. కింద నుంచి వేడినీళ్లు తొవ్వ మీద పారాయి. జమేదారు గొంగడిని వాసన చూసి, తుమ్మి, గెలిచినవాడిలా మందలోకి పోయాడు.

బాపు పరుగెత్తుకొచ్చాడు. తాళ్లు కోసి గొంగడి లాగితే కాలిన తోలులా చీలి ఊడివచ్చింది. లోపల రేకులన్నీ ఒక గుంటలోకి వంగి ఉన్నాయి. బాపు గొంగడిని చేత్తో పట్టుకుని, దాన్ని చూసి, రేడియేటర్‌ను చూసి, మళ్లీ గొంగడిని చూశాడు. అర్థమైపోయింది. ఎవరూ చెప్పలేదు, బావ అసలే చెప్పలేదు. "గాలి ఆడాలె గద" అని సణిగాడు. తర్వాత, నన్ను మధ్యలో పెట్టకుండా, సూటిగా బావ మొహం చూసి, "అల్లుడా, బండి ఆగలే. జమేదారు ఆపిండు. బిడ్డను తీస్కపో" అన్నాడు.

అల్లుడా అన్న ఆ పిలుపు కోసం బావ ఎన్నేళ్లు చూశాడో నాకు తెలుసు. కానీ అది వచ్చిన వేళ మంచిది కాదు. ఒక పక్క సేటు కారు కడుపు పగిలి పడుంది, ఒక పక్క గడ్డ మీది కాపరులంతా చుట్టూ మూగి నవ్వు ఆపుకుంటున్నారు. బావ మొహం నల్లబడింది. "ఆగుడంటె ఆగుడే మామా. మాటంటె మాట. జాలిపడి ఇచ్చిన పిల్ల నాకొద్దు. దిగు పిల్లా" అన్నాడు. బాపు, "కూసో బిడ్డా" అన్నాడు. అత్త కారులోంచే ఇద్దరినీ కలిపి తిట్టింది, "మీ ఇద్దరి నోట్ల మన్ను వడ, దాన్ని గొర్రెపిల్ల లెక్క అటు గుంజుతరు ఇటు గుంజుతరు. నువ్వు దిగకే." బావ మళ్లీ అన్నాడు, మెల్లగా, నేల చూస్తూ, "దిగు."

నేను దిగాను. పెద్దవాళ్లలో చివరికి ఎవరు మాట్లాడితే వాళ్ల మాట వినడమొక్కటే నాకు వచ్చిన విద్య. చివర మాట్లాడింది బావ. రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని మంద వెనక ఇంటికి పోయాను. ఎద్దులు కట్టి కారును గడ్డ అవతలికి ఈడ్చారు.

సేటు దగ్గర పని పోయింది. బావ సాగర్ కట్ట పని దగ్గర మట్టి లారీ తోలుతున్నాడని ఒకరు, కాదని ఒకరు అన్నారు. కబురు లేదు. రెండు వానకాలాలు గడిచాయి. పుట్టింట్లో ఉన్న పెళ్లయిన పిల్లను ఊరు ఎట్లా చూస్తుందో చెప్పనవసరం లేదు. "జమేదారు ఇంకా కొమ్ములు దించలేదా" అని బావి దగ్గర అడిగేవాళ్లు. వాళ్లతోపాటు నేనూ నవ్వేదాన్ని, బిందె తొందరగా నిండితే బాగుండుననిపించేది.

మారిందల్లా మా బాపు. గడ్డ మీద రెండు కుండల నీళ్లు తెచ్చి పెట్టి, ఉడికి ఆగిన ప్రతి కారు దగ్గరికీ తానే పోయేవాడు. నీళ్లు పోసి ఊరుకునేవాడు కాడు. గొంతుక్కూర్చుని, చీపురుపుల్ల తీసి, సందుల్లోని గడ్డివిత్తనాలు లాగుతూ డ్రైవర్లను తిట్టేవాడు. "ఏం తోలుతవయ్యా, దీని ముక్కులన్ని మూసుకపోయినయి. గాలి ఆడాలె గద." డ్రైవర్లు మొదట పిచ్చివాడనుకున్నారు, తర్వాత తర్వాత ఆగని కార్లను కూడా ఆయన కోసం ఆపి, మూతి చూపించుకుని పోయేవాళ్లు. అంతా అయ్యాక, కుండ మీద మూత పెడుతూ అడిగేవాడు, "మా అల్లుడు యాడన్న కనవడ్డడా?" ఎట్లా ఉంటాడు అని వాళ్లడిగితే, పొట్టో పొడుగో చెప్పేవాడు కాడు. "రేడియేటర్ మంచిగ కడుగుతడు" అనేవాడు.

ఆ మాటే డ్రైవర్ల నోళ్లలో పడి తిరిగింది. హాలియా దగ్గర ఒక చాయ్ హోటల్లో ఎవరో నవ్వుతూ చెబుతుంటే విన్నాడట మా బావ. గ్లాసు అక్కడే పెట్టి లేచాడట. ఒక లారీలో గడ్డ దాకా వచ్చి దిగాడు. బాపు చూపు అప్పటికే మందగించింది, లారీని చూసి కుండ ఎత్తుకుని వచ్చి, దాని ముందు కూర్చుని పుల్ల తీశాడు. బావ వచ్చి అవతల పక్కన కూర్చున్నాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఎన్నిసార్లు అడిగినా ఇద్దరూ చెప్పలేదు. పొద్దుగూకే వేళకు ఇద్దరూ మందతోపాటు వాకిట్లోకి వచ్చారు, ఎప్పుడూ ఇట్లాగే వస్తుంటామన్నట్టు. అమ్మ రెండు కంచాలు పెట్టింది. మర్నాడు నన్ను పంపారు. ఏ షరతూ లేదు.

ఆ వచ్చే ఎండాకాలానికి బాపు పోయాడు. ఆయన, బావ ఒక వాకిట్లో ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ కూర్చున్నది ఆ కొన్ని నెలలే, అదీ మేము ఊరికి వచ్చినప్పుడు. ఆ రెండు వానకాలాలు కూడా కలిసి ఉంటే అని బావ ముసలితనంలో కూడా అనేవాడు. అనగానే మా ఇద్దరికీ జగడం మొదలయ్యేది. "నువ్వు దిగినవు గద" అనేవాడు. "నువ్వు దిగుమన్నవు గద" అనేదాన్ని. "నేనంటె మాత్రం దిగుతరా? కూసుంటె నేను గుంజి పడేస్తుంటినా?" అనేవాడు. దానికి నా దగ్గర జవాబు ఉండేది కాదు, ఏదో ఒక గిన్నె గట్టిగా పెట్టి లోపలికి పోయేదాన్ని. పిల్లలు పుట్టి, పెరిగి, వాళ్ల పెళ్లిళ్లయినా ఆ జగడం తెగలేదు. బావ పోయాక తెగింది. ఇప్పుడు జవాబు దొరికింది, చెప్పడానికి మనిషి లేడు.

మనవడు ఎప్పుడైనా నన్ను దవాఖానకో, పెళ్లికో ముందు సీట్లో ఎక్కించుకుపోతాడు. తిరిగి ఇంటి ముందు ఆపి, "దిగు అవ్వా" అంటాడు. నేను దిగను. అటు తిరిగి తలుపు తెరిచి పట్టుకుంటాడు, మళ్లీ అంటాడు, "దిగవే." ఒళ్లో చేతులు పెట్టుకుని, ఎదురుగా తొవ్వ చూస్తూ కూర్చుంటాను. కోడలు బయటికి వచ్చి, "మోకాళ్లు పట్టేసినట్టున్నయి, జరసేపు ఉండనియ్యి" అంటుంది. నా మోకాళ్లకేం, ఇప్పటికీ మెట్లెక్కి మిరపకాయలు ఎండబెట్టుకొస్తాను. (ఇది రాస్తున్న పిల్లకు ఇప్పుడు తెలిసింది, రాయడం ఆపి నవ్వుతోంది. నవ్వనీ.) మూడోసారి, నాలుగోసారి పిలిచినా నేను కదలను. ఈ ముసల్దానికి ఇప్పుడు ఎవరి మాటా వినని ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందా అని నాకే నవ్వొస్తుంది. వాళ్లు విసిగి లోపలికి పోతారు. ఇంజను చల్లారేటప్పుడు లోపల టిక్కు టిక్కుమంటుంది, ఆ చప్పుడు ఆగిందాకా కూర్చుని, అప్పుడు నాకు నేనే దిగుతాను.